అత్తయ్యగారు వద్దంటున్నారు, మావారు ఏం కాదంటున్నారు: అయిదు నెలల పాపను సముద్రానికి తీసుకెళ్ళాలా?

చెన్నైలో తిరువాన్మియూరు దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. అందులోని విషయం ఇది. సెప్టెంబరులో నెల్లూరులో పుట్టింటి దగ్గర సిజేరియన్ అయింది. ఆడపిల్ల. మూడో నెల వెళ్ళాక చెన్నై వచ్చారు. పాపకు అయిదు నెలలు నిండబోతున్నాయి. నెలలు నిండాకే పుట్టింది, తల్లిపాలే తాగుతోంది, బరువు బాగా పెరుగుతోంది. భర్తకు ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటేదాకా షిఫ్టు. అత్తగారు సాయంగా వచ్చి ఉన్నారు.

ఫిబ్రవరి మూడో ఆదివారం హైదరాబాద్ నుంచి బావగారు, తోడికోడలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు వస్తున్నారు. అందరూ ఉదయం పదింటికి బయల్దేరి మహాబలిపురం దారిలో ఒక రిసార్ట్‌కి వెళ్ళాలని, సాయంత్రం దాకా తీరంలోనే గడపాలని, పాపను మొదటిసారి సముద్రంలో ముంచి ఫొటోలు తీయాలని అన్నదమ్ములిద్దరి ఆలోచన. "ఒడ్డున గుడిసెల్లో పిల్లలు పెరగడం లేదా, ఏమవుతుంది" అని భర్త. "ఏడాది నిండేదాకా ఉప్పుగాలి తగలకూడదు, రొంప పట్టి ఆయాసం వస్తుంది, పైగా దిష్టి" అని అత్తగారు. మధ్యలో ఈవిడ నలిగిపోతున్నారు. పిల్లల సన్‌స్క్రీన్ ఒకటి కొన్నారు కానీ రాయొచ్చో లేదో తెలియడం లేదు. ఉత్తరం చివర ఇలా ఉంది: "మా ఇంటికి సముద్రం కిలోమీటరున్నర. అయిదు నెలలుగా చూడలేదు. సాయంత్రాలు ఊరికే ఏడుపొస్తోంది." దాని కింద ఇంకో చిన్న ప్రశ్న: "పాప గుప్పిట్లో ఇసుక పెట్టి ఫొటో తీసుకుంటే ప్రమాదమా?"

సమాధానం:

మీ ఇంట్లో వాదన 'వెళ్ళాలా, వద్దా' అని నడుస్తోంది. కానీ అందులో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. పాపను ఒడ్డుకు తీసుకెళ్ళి కాసేపు కూర్చోవడం ఒకటి. పదింటి నుంచి పొద్దుగూకేదాకా తీరంలో ఉండటం రెండోది. సముద్రపు నీళ్ళలో దించడం మూడోది. మొదటిది ఈ వయసులో నిశ్చింతగా చేయొచ్చు. మిగిలిన రెండూ ఇప్పుడు వద్దు. మీవారు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని మూడింటికీ సరే అంటున్నారు. అత్తగారు మూడోదాన్ని తలుచుకుని మూడూ వద్దంటున్నారు. విడదీసి చూస్తే వాళ్ళిద్దరి మధ్య మీరు అనుకున్నంత దూరం లేదు.

ముందు ఉప్పుగాలి సంగతి. నెలలు నిండి పుట్టి, ఆయాసం, పిల్లికూతలు లేని పాపకు తీరపు గాలి తగిలినంత మాత్రాన జబ్బు చేయదు. రొంప తెచ్చేది వైరస్, అది వచ్చేది మనుషుల నుంచి. నిజం చెప్పాలంటే ఆ ఆదివారం పాపకు సముద్రం కంటే హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లల ముక్కు కారడమే పెద్ద ముప్పు. వాళ్ళకు జలుబు ఉంటే చేతులు కడుక్కున్నాకే పాపను ముట్టుకోవాలని, ముద్దులు పెట్టకూడదని ముందే చెప్పండి. అయితే అత్తగారి భయంలో ఒక నిజముంది. పసిపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. అందుకే తడిసిన ఒంటికి గాలి తగిలితే పెద్దవాళ్ళ కంటే చాలా త్వరగా చల్లబడిపోతారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నా సరే, తడి, గాలి రెండూ కలిస్తే అంతే. పొడి బట్టల్లో ఉన్న పాపకు ఈ ఇబ్బంది లేదు. 'గాలి మంచిదే అత్తయ్యా, తడవకుండా చూసుకుందాం' అంటే ఆవిడ మాటను కొట్టిపారేసినట్టు ఉండదు.

ఇక ఎండ. అసలు ప్రమాదం ఇక్కడుంది, మీ ఇంట్లో దీని గురించే ఎవరూ మాట్లాడటం లేదు. పసిపిల్లలకు చెమట సరిగా పట్టదు, ఒంట్లో వేడి త్వరగా పెరుగుతుంది, చర్మం పలచగా ఉంటుంది. తీరంలో ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా వస్తుంది. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి. అందుకే గొడుగు కింద కూర్చోబెట్టినా పూర్తి నీడలో ఉన్నట్టు కాదు.

గడియారం కంటే నీడ నమ్మకమైన కొలత. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పెద్దవాళ్ళకే మంచిది కాదు. పసిపాప విషయంలో ఇంకొంచెం గట్టిగా ఉండండి: మీ నీడ మీ ఎత్తుకు రెట్టింపు పొడవు ఉన్నంతసేపే బయట. ఫిబ్రవరి మధ్యలో చెన్నైలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఎనిమిదిన్నరకల్లా నీడ రెట్టింపు కంటే తగ్గిపోతుంది. పదింటికి అది మన ఎత్తుకు సమానం. అంటే మీవాళ్ళు బయల్దేరదామనుకున్న వేళకే పాప ఇంట్లో ఉండాలి. మళ్ళీ నీడ రెట్టింపయ్యేది సాయంత్రం నాలుగుంబావు తర్వాత.

ఉదయమా, సాయంత్రమా అంటే రెండింటికీ వాటి చిక్కులున్నాయి. మనది తూర్పు తీరం కాబట్టి ఉదయపు ఎండ సముద్రం మీదుగా నేరుగా ముఖానికి కొడుతుంది. గొడుగు నిటారుగా పాతితే నీడ వెనక్కి పడుతుంది తప్ప పాప మీద పడదు. గొడుగును సముద్రం వైపు వాల్చాలి, పాప వీపు సముద్రానికి ఉండాలి. సాయంత్రం ఎండ వెనక నుంచి వస్తుంది, భవనాల నీడ ఇసుక మీదకు సాగుతుంది, కళ్ళకు హాయి. కానీ ఎండాకాలం దగ్గరపడేకొద్దీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి బలంగా వీస్తుంది, సన్న ఇసుక లేచి కళ్ళలో పడుతుంది. జనం, బజ్జీల బండ్ల పొగ, చీకటి పడేసరికి దోమలు సరేసరి. పసిపాపతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఉదయమే నయం. ఆరుంముప్పావుకు చేరి ఎనిమిది దాటకుండా వెనక్కి. మొదటిసారి ముప్పై నలభై నిమిషాలు చాలు.

సన్‌స్క్రీన్ పక్కన పెట్టండి. ఆరు నెలల్లోపు పిల్లలకు నీడ, బట్ట, వేళ, ఈ మూడే రక్ష. పలచటి చర్మం గుండా పూసిన మందు ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది. నీడ ఏ మాత్రం దొరకని పరిస్థితి వస్తే బుగ్గలకు, అరచేతుల వెనక కొద్దిగా రాయడానికి పిల్లల వైద్యులు ఒప్పుకుంటారు కానీ మీరు ఉదయం ఏడింటికి వెళితే ఆ అవసరమే రాదు. ఆరు నెలలు నిండాక జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 క్రీమ్ వాడొచ్చు. ముందు రోజు మోచేతి దగ్గర కొంచెం రాసి, మర్నాటికి ఎరుపు, దద్దుర్లు లేవని చూసుకోండి. బయల్దేరడానికి 15 నుంచి 30 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. స్ప్రే రకం వద్దు, పాప పీల్చేస్తుంది. 'ఎండ తగిలితే విటమిన్ డి వస్తుంది కదా' అని ఇంట్లో ఎవరైనా అంటే, ఏడాది నిండేదాకా రోజుకు 400 ఐయూ చుక్కల మందు వేయమని పిల్లల డాక్టర్లు చెప్పేది దానికోసమే. మీ పాపకు అవి వేస్తున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

బట్టల విషయానికొస్తే లేతరంగు పలచటి నూలు చొక్కా, నిండు చేతులు, కాళ్ళు కప్పే పైజమా ఒక్క పొర చాలు. టోపీకి అంచు చుట్టూ మూడంగుళాలు ఉండాలి, మెడ మీద నీడ పడాలి. గడ్డం కింద బిగించే తాడు ఉంటే పాప నిద్రపోగానే టోపీ తీసేయండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తగ్గించాలి. చాలామంది ఒక పొరపాటు చేస్తారు: ఎండ పడకుండా స్ట్రోలర్ మీద పలచటి బట్ట కప్పుతారు. గాలి ఆడక లోపల వేడి గబగబా పెరుగుతుంది, పాప ముఖం మనకు కనిపించదు కూడా. మడత విప్పితే నిలబడే చిన్న గుడారాలూ అంతే, రెండు వైపులా తెరిచి ఉంచకపోతే లోపల ఉడికిపోతుంది. అసలు స్ట్రోలర్ చక్రాలు ఇసుకలో కదలవు. మెరీనాలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా వీల్‌చెయిర్లలో వచ్చేవారి కోసం వేసిన చెక్క బాట ఉంది, వాళ్ళకు అడ్డం రాకుండా దాని మీద నడవొచ్చు. మిగతాచోట్ల చేతుల్లో ఎత్తుకోవడమే. గుండెకు కట్టుకునే క్యారియర్ అయితే పాప గడ్డం గుండెకు ఆనకుండా, ముఖం మీకు కనబడేలా ఉండాలి. మీ ఒంటి వేడి కూడా పాపకు తగులుతుంది కాబట్టి అరగంటకోసారి బయటికి తీయండి.

నీళ్ళ దగ్గరికి వద్దాం. దీంట్లో మీవారికి నచ్చజెప్పడం కష్టం కావొచ్చు, కారణాలు వివరంగా చెప్పండి. సముద్రపు నీళ్ళు మింగితే ఆ ఉప్పు అయిదు నెలల పాప మూత్రపిండాలకు భారం, వాంతులు, విరేచనాలు కావొచ్చు. చెన్నై తీరంలో అడయారు, కూవం నదులు సముద్రంలో కలిసేచోట మురుగు కూడా కలుస్తుంది. బెసంట్ నగర్ ఉత్తరపు కొసన విరిగిన వంతెన వైపు, మెరీనా ఉత్తరపు కొస వైపు పాపతో పోవద్దు. వానల తర్వాత ఒక్కోసారి నీలం రంగు బుడగల్లాంటి జెల్లీచేపలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చచ్చి ఎండినా వాటి తోకలు కుడతాయి.

వీటన్నిటికంటే పెద్దది అల. మన తీరంలో నేల వాలు ఎక్కువ. వెనక్కి పోయే నీళ్ళు మడమల కింద ఇసుకను లాగేస్తాయి, మోకాలి ఎత్తు అలకే పెద్ద మనిషి తూలిపోతాడు. చేతిలో పాప ఉంటే రెండు చేతులూ ఆపుకోవడానికి పనికిరావు. బెసంట్ నగర్ బీచ్‌లో కనిపించే తెల్లటి ష్మిత్ స్మారకం 1930లో అక్కడ మునిగిపోతున్నవారిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ వాసి పేరిట కట్టింది. అది చూసి మీవారు ఒక్క క్షణం ఆలోచించినా చాలు. క్యారియర్‌లో పాపను కట్టుకుని చీలమండల లోతు నీళ్ళలోకి కూడా దిగకూడదు, ఇందులో బేరం లేదు. తడి ఇసుక ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి కనీసం 20 అడుగులు వెనక మీ చాప ఉండాలి. ముందు రోజు రాత్రి ఇన్‌కాయిస్ హెచ్చరిక చూసుకోండి. మన హైదరాబాద్‌లో ఉన్న ఆ కేంద్రమే దేశం మొత్తానికి ఎత్తైన అలల సమాచారం ఇస్తుంది. తమిళనాడు తీరానికి హెచ్చరిక ఉంటే ఇసుకలోకి దిగకుండా రోడ్డు పక్కన నడకబాట మీదే కూర్చోండి.

అన్నదమ్ములకు 'మొదటి సముద్రం' ముచ్చట తీరాలంటే ఒక మార్గం ఉంది. నాన్న దోసిట్లో కొంచెం సముద్రపు నీళ్ళు తెచ్చి చాప మీద ఉన్న పాప పాదాలకు తాకించడం, వెంటనే ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళతో కడిగి తుడవడం. కడగడం ఎందుకంటే అయిదు నెలల పిల్ల పాదం కూడా నోట్లో పెట్టుకుంటుంది. తల మీద చల్లవద్దు, కళ్ళలోకి కారుతుంది. సముద్రస్నానం మాత్రం పాప నిలబడి, నడిచి, నీళ్ళు మింగకూడదని కాస్త తెలిసే వయసు దాకా ఆగాలి.

ఇసుక. బీచ్ కుక్కల మలం వల్ల పొడి ఇసుకలో కొంకిపురుగుల పిల్లలు ఉంటాయి, అవి చర్మంలోకి దూరి దురదపెట్టే గీతలు చేస్తాయి. అందుకే పాప చర్మం పొడి ఇసుకకు తగలకూడదు. కింద ప్లాస్టిక్ చాప, దాని మీద మందపాటి దుప్పటి, అంచులు బూట్లతోనో నీళ్ళ సీసాలతోనో అణిచిపెట్టండి. జాలర్లు ఉండే కుప్పాల దగ్గర వలలు, గాలాలు, గాజు ముక్కలు ఉంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఒక్కోసారి చచ్చినవి కూడా ఒడ్డున పడి ఉంటాయి. వీటన్నిటికీ దూరంగా చోటు చూసుకోండి.

కంట్లో ఇసుక పడితే నలపనివ్వకండి. పాప చేతులు పట్టుకుని, తల పక్కకు తిప్పి, మంచినీళ్ళు ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకు ధారగా పోయండి. నోటితో ఊదడం, చనుబాలు పిండడం, ఆముదం వేయడం వద్దు. గంట తర్వాత కూడా కన్ను తెరవకపోయినా, ఎర్రగానే ఉన్నా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నోట్లో ఇసుక పడితే తడి నూలుగుడ్డ వేలికి చుట్టి తుడిస్తే చాలు, కొన్ని రేణువులు లోపలికి పోయినా బయటికొచ్చేస్తాయి.

సంచిలో ఇవి ఉండాలి: డైపర్లు నాలుగు, పాప బట్టలు రెండు జతలు, నూలు తువ్వాళ్ళు మూడు, రెండు లీటర్ల మంచినీళ్ళు (ఇది కడగడానికే, మీరు తాగడానికి వేరే లీటరు), ఒక మగ్గు, గొడుగు, చాప, దుప్పటి, తడి డైపర్లు వేయడానికి కవర్లు. బయల్దేరే ముందు కడుపునిండా పాలివ్వండి. అక్కడ పాప పెదవులు చప్పరిస్తే మళ్ళీ ఇవ్వండి. వేడికి మామూలు కంటే ఎక్కువసార్లు అడుగుతుంది. ఆరు నెలల్లోపు పాపకు దాహం పాలే తీరుస్తాయి, మంచినీళ్ళు పట్టకూడదు. మీరు మాత్రం నీళ్ళో మజ్జిగో తాగుతూ ఉండాలి. పాలిచ్చేటప్పుడు గాలికి వీపు తిప్పి కూర్చుని చున్నీ కప్పుకోవచ్చు. ఇబ్బందిగా ఉంటే కారులో నీడన తలుపు తీసి పెట్టుకుని ఇవ్వండి. కారులో పాపను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు, అద్దం కొంచెం దించినా లోపలి వేడి ఆగదు.

ఇంటికొచ్చాక ఇసుకను గుడ్డతో రుద్దితే చర్మం గీసుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్ళు పోసి జారిపోనివ్వండి. మెడ మడతలు, చంకలు, తొడల సందులు, మోకాళ్ళ వెనక ప్రత్యేకంగా చూడండి. ఆడపిల్ల కాబట్టి ముందు నుంచి వెనక్కి కడగాలి. పౌడరు వద్దు.

అత్తగారి జాగ్రత్తల్లో రెండింటిని మాత్రం మెత్తగా ఆపాలి. రొంప పట్టకుండా కర్పూరం మూట కట్టడం గానీ గుండెకు రాయడం గానీ చేస్తారేమో చూడండి. కర్పూరం పసిపిల్లల్లో మూర్ఛ తెప్పించగలదు. అలాగే ముక్కులో నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఈ రెండూ వద్దని డాక్టరు నోటితో చెప్పిస్తే మీకు మాట రాదు. పాదానికి దిష్టిచుక్క, వచ్చాక గుమ్మంలో ఎర్రనీళ్ళు ఆవిడ ఇష్టం, వాటివల్ల పాపకు ఏ నష్టమూ లేదు. చుక్క కంటికి మాత్రం పెట్టనివ్వకండి.

పాప మందకొడిగా అయిపోయినా, ఒళ్ళు కాలుతున్నా, ఆరు గంటలు డైపరు తడవకపోయినా, మాడు కుంగినట్టు కనిపించినా, ఊపిరి వేగం పెరిగినా నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, మామూలు నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడుస్తూ, విసురుతూ, పాలిస్తూ ఆస్పత్రికి బయల్దేరాలి. ఐసు నీళ్ళు వద్దు. లేపినా లేవకపోతే 108. ఏడాదిలోపు పాప చర్మం ఎండకు ఎర్రగా కందినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు ఆ ఆదివారం. మీ ముందు కొన్ని దారులున్నాయి.

అందరితో కలిసి పదింటికే వెళ్ళడం ఒకటి. పాప గదిలోనే ఉండాలి, సాయంత్రం నాలుగున్నర తర్వాత అరగంట బయటికి. అంటే రోజంతా మీరు రిసార్ట్ గదిలో పాలిస్తూ, కిటికీలోంచి మిగిలినవాళ్ళను చూస్తూ ఉంటారు. తిరుగు ప్రయాణంలో ఆదివారం సాయంత్రం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) రద్దీ. పాప కారు సీట్లో, వెనక సీటు మీద, వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఒళ్ళో పెట్టుకుని వెళ్ళడం సురక్షితం కాదు. ఇంట్లో గొడవ తప్పుతుంది కానీ ఉత్తరం చివర మీరు రాసిన ఏడుపు ఆ గదిలో ఇంకా పెరుగుతుందేమోనని నా అనుమానం.

మీరు, పాప, అత్తగారు ఇంట్లో ఉండి మిగిలినవాళ్ళు వెళ్ళడం ఇంకొకటి. పాపకు ఇదే అన్నిటికంటే సుఖం. కానీ 'కోడలి వల్ల అందరం కలవలేకపోయాం' అన్న మాట ఒకటి మిగిలిపోవచ్చు. మీరూ మళ్ళీ నాలుగు గోడల మధ్యే.

నా మొగ్గు మూడోదానికి. ఆదివారం పొద్దున్నే అందరూ మీ ఇంటి దగ్గర ఒడ్డుకే వెళ్ళండి, ఆరుంముప్పావుకు. పెదనాన్న, పెద్దమ్మ, పిల్లలు, నానమ్మ అందరి ఫొటోలూ ఉదయపు వెలుగులోనే బాగుంటాయి. ఎనిమిదికి ఇంటికొచ్చి టిఫిన్ చేసి, ఆ తర్వాత బావగారి కుటుంబం, కావాలంటే మీవారు, మహాబలిపురం వెళ్ళొచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళను అంత పొద్దున్నే లేపాలి, మీవారు రాత్రి షిఫ్టు అలవాటును ఒక్కరోజు పక్కన పెట్టాలి. ఇబ్బంది అంతవరకే. అత్తగారికి గొడుగు బాధ్యత అప్పగించండి. నీడ ఎటు పడుతోందో ఆవిడ కంటే జాగ్రత్తగా ఎవరూ చూడరు. ఇదంతా ఆవిడతో మీరు కాదు, మీవారు మాట్లాడాలి. కొడుకు నోటి నుంచి 'నీళ్ళలో దించం అమ్మా, ఎండెక్కక ముందే వచ్చేద్దాం' అన్న మాట వస్తే సగం పని అయిపోతుంది.

మీ గురించి కూడా ఒక మాట. మీ ఉత్తరమంతా పాప కోసం రాశారు కానీ సముద్రం చూడాలని ఉన్నది పాపకు కాదు, మీకు. దానికి ఆదివారం దాకా ఆగక్కర్లేదు. రేపే పాపకు పాలిచ్చి, అత్తగారికి, షిఫ్టుకు ముందు ఇంట్లో ఉన్న మీవారికి అప్పగించి, సాయంత్రం నాలుగున్నరకు మీరొక్కరే వెళ్ళి గంటసేపు కూర్చుని రండి. పాప ఆకలికి మధ్య రెండు గంటల వ్యవధి ఉంటుంది కదా, సరిపోతుంది. సాయంత్రాల ఏడుపు రెండు వారాలు దాటి ఉన్నా, నిద్ర పట్టకపోయినా, పాప మీద గానీ మీ మీద గానీ భయపెట్టే ఆలోచనలు వచ్చినా ప్రసవం చేసిన డాక్టరుకు చెప్పండి. కాన్పు తర్వాత వచ్చే ఈ కుంగుబాటు తల్లి తప్పు కాదు, దీనికి మంచి వైద్యం ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడే సలహాదారులు దొరుకుతారు, ఖర్చు లేదు.

చివరగా గుప్పిట్లో ఇసుక ఫొటో. వద్దు. అయిదు నెలల పిల్ల గుప్పిట్లోకి ఏది వచ్చినా నోట్లోకే పోతుంది, కెమెరా నొక్కేలోపే. దాని బదులు పాదం అచ్చు తీసుకోండి. అల ఇప్పుడే కడిగి వెళ్ళిన తడి ఇసుకను మీ తోటికోడలి పిల్లలతో ఒక స్టీలు పళ్ళెంలో తెప్పించి చాప మీద పెట్టండి. మీవారు పాపను ఎత్తి పట్టుకుంటే మీరు ఒక పాదం అందులో మెల్లగా అదిమి ఫొటో తీయండి. తడి ఇసుకలో అచ్చు చక్కగా పడుతుంది. వెంటనే వేళ్ళ సందుల్లో నీళ్ళు పోసి కడగాలి కాబట్టి, తెచ్చిన రెండు లీటర్లలో ఒక మగ్గు అప్పటిదాకా మిగిల్చి ఉంచుకోండి.